మంచి ట్రాంబోను నెన్నుకొనుట

పాఠశాల బ్యాండునకు ట్రాంబోను కొనవలెనన్నంతనే విద్యార్థులును, వారి తలిదండ్రులును మమ్మడుగు ప్రశ్న యొక్కటియే: "ఏ కంపెనీది మంచిది?" ఇందుకు సమాధానము చెప్పుటకు ముందు మేము మోసపోయిన తీరు చెప్పుట మేలు. కొన్ని యేండ్ల క్రిందట నొక దుకాణమున, బెల్లుమీద విదేశనామము చెక్కబడి యద్దమువలె మెరయుచున్న వాద్యమును జూచి, మరియొక పరీక్ష చేయక సొమ్ము చెల్లించితిమి. ఆ డిసెంబరున నందిగామలో క్రిస్మసు ఊరేగింపునందు, నడివీధిలో, దాని స్లైడు బిగిసిపోయెను. వాయించు బాలుడు కన్నీరు తుడుచుకొనుచు మేళము వెనుక నడచెను. వాని తప్పేమియు లేదు.

ట్రంపెటునందు మీటలు నొక్కి స్వరమును మార్తుము. ట్రాంబోనునందు గొట్టమునే ముందునకు జరిపి మార్తుము. స్లైడును పూర్తిగా మూసినప్పుడు గాలి నడచు దారి సుమారు 9 అడుగులు. అది మొదటి స్థానము. అచటినుండి ఏడవ స్థానమువరకు జరుపగా, ఒక్కొక్క స్థానమునకు అర్ధస్వరము చొప్పున శ్రుతి దిగును. ఇది సాగుటకు లోపలి గొట్టములమీద వెలుపలి గొట్టములు వెంట్రుకవాసి సందుతో జారవలెను. సందు హెచ్చైన గాలి పోవును, తగ్గిన బిగియును, చిన్న నొక్కు పడినను పని చెడును.

కావున పేరు చదువుటకు ముందు స్లైడును పరీక్షింపుడు. దానిని నిలువుగా క్రిందికి పట్టి, బిగింపు వదలి, క్రింద నొకరు చేయి యుంచగా వెలుపలి గొట్టమును విడువవలెను. అది తన బరువుతోనే, ఎచటను ఆగక దిగవలెను. పిదప బెల్లును విడదీసి, స్లైడు నొకకొన నరచేత మూసి రెండవకొన నుండి ఊదుడు, గాలి తప్పించుకొనరాదు. పాతదైనచో ఇత్తడిమీద ఎర్రని రాగిచాయ మచ్చలున్నవేమో చూడుడు. జింకు పోయి లోహము లోపలినుండి క్షీణించుచున్నదనుట కవి గుర్తులు.

ఇక కంపెనీల మాట. జపానుదేశపు యమహావారి 354 రకము గొట్టము వెడల్పు అర అంగుళము. పిల్లల ఊపిరికి చాలును. అమెరికాదేశపు బాక్ 42 రకము 0.547 అంగుళము, పెద్దవారికే తగినది. మౌత్‌పీసు కాడలోను చిన్నది, పెద్దది యని భేదము గలదు. ఒకదానిది మరియొకదానికి కుదరదు. మీరటులో జలీకోఠీ ప్రాంతము బ్యాండు వాద్యములకు పేరుగన్నది. అచటి నాదిర్ అలీ కంపెనీ 1885లో స్థాపింపబడినది. మన పెండ్లి బ్యాండ్లకు స్వదేశపు వాద్యము చౌక. చేతిపనిలో ఒకటి మరియొకటివలె నుండదు గనుక, వాయించువానిని వెంటగొని పోయి నాలుగింటిని ఊదించి యొకటి తెచ్చుకొనవలెను. సొమ్ము కొంచెమైనచో, పేరులేని క్రొత్తదానికంటె నొక్కులేని పాత యమహాయే మా యభిమతము.

కొన్న తరువాతి సంగతి యొకటి. జగ్గయ్యపేట పరిసరములలో సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు గలవు. దారి దుమ్ము స్లైడులో చేరినచో ఆకురాయివలె అరగదీయును. వాయించిన ప్రతిసారియు మెత్తని గుడ్డతో తుడిచి, స్లైడునకై యమ్ము నూనెనే పూయవలెను. కొందరు కొబ్బరినూనె పూయుదురు. అది 24 డిగ్రీలకు దిగువ పేరుకొనును. డిసెంబరు వేకువను సీసాలో చూచినచో తెలియును. నందిగామకు బయలుదేరిన యుదయమున మేము పూసినది కొబ్బరినూనెయే.