పాత డక్టు విప్పేముందు ఒక్క నిమిషం!

మెకానికల్ పూర్తిచేసి ఏసీ ప్రాజెక్టుల్లో చేరారా? పాత ఆఫీసో, ఆసుపత్రో రెనొవేషన్ మీకు తగిలితే ఇది చదవండి.

ఆస్బెస్టాస్ అంటే మనకు ఇంటిపై రేకులే గుర్తొస్తాయి. కానీ డక్టుకీ బ్లోయర్‌కీ మధ్య కుదుపు ఆపే గుడ్డ, గాస్కెట్లు, హీటర్ దగ్గరి బోర్డు, వేడినీటి పైపుల చుట్టూ పూత.. వీటిలోనూ ఒకప్పుడు వాడేవారు. నిప్పుకి కాలదు, పైగా చవక. కదపనంతవరకు ముప్పు తక్కువే. గ్రైండర్ పెట్టారో, కంటికి కనిపించని పోగులు గాల్లోకి లేస్తాయి. అసలు చిక్కు ఇక్కడే: చాలా భవనాల్లో ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీయే రిటర్న్ గాలికి దారి. అక్కడ లేచిన దుమ్మును ఏహెచ్‌యూ లాక్కుని మిగతా గదులకూ పంచుతుంది.

జబ్బు వెంటనే బయటపడదు. మీసోథెలియోమా క్యాన్సర్ కనిపించడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి 'మా మేస్త్రీకి ఏం కాలేదుగా' అనే మాట లెక్కలోకి రాదు.

బ్రిటన్ 1999లో దీన్ని పూర్తిగా నిషేధించింది. మన దగ్గర తెల్ల ఆస్బెస్టాస్ దిగుమతి, వాడకం ఇంకా నడుస్తున్నాయి. అందుకే బిల్డింగ్ వయసు చూసి ధీమా పడలేం.

కంటితో చూసి తేల్చడం కుదరదు. తెలిసినవాళ్లతో నమూనా తీయించి ల్యాబ్‌కి పంపాల్సిందే. రిపోర్టు వచ్చేదాకా ఏహెచ్‌యూ ఆపించండి. పొడి చీపురు వద్దు. సర్జికల్ మాస్క్ ఇక్కడ పనికిరాదు, పీ100 ఫిల్టరున్న రెస్పిరేటర్ అడగండి. దుమ్ము పట్టిన బట్టలతో ఇంటికెళ్లొద్దు. రిపోర్టు లేకుండానే విప్పేయమని సూపర్‌వైజర్ తొందరపెడితే, ఆ మాటే మెయిల్‌లో పంపమనండి.