యూనిట్ - 9: పరిమిత బడ్జెట్‌తో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుగోలు - సమాచార లోపం ఉన్న మార్కెట్లో వినియోగదారుడి నిర్ణయం

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 అవసరాన్ని అంచనా వేయడం
9.3 సమాచార అసౌష్ఠవం
9.4 బండిని పరీక్షించడం
9.5 పత్రాలను పరీక్షించడం
9.6 బడ్జెట్ విభజన
9.7 సారాంశం
9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
- ఫోర్ వీల్ డ్రైవ్ ఎప్పుడు అవసరమో, ఎప్పుడు అనవసరమో వివరించగలుగుతారు.
- పాత వాహనాల మార్కెట్లో సమాచార అసౌష్ఠవం ధరను ఎలా ప్రభావితం చేస్తుందో విశ్లేషించగలుగుతారు.
- కొనబోయే బండిని, దాని పత్రాలను క్రమపద్ధతిలో పరిశీలించగలుగుతారు.
- ఉన్న డబ్బును కొనుగోలుకు, మరమ్మతుకు, పత్రాలకు విభజించుకోగలుగుతారు.

9.1 పరిచయం

మధిర ప్రాంతంలో మిర్చి, పత్తి, వరి ప్రధాన పంటలు. నల్లరేగడి నేల ఒక్క వాన పడితే చక్రాలకు ముద్దలా అంటుకుంటుంది. ఇక్కడి నుంచి భద్రాచలం వైపు వెళితే దుమ్ముగూడెం, చర్ల మండలాల అటవీ గ్రామాలు, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు ఏజెన్సీ దారులు వస్తాయి. వర్షాకాలంలో వాగులు పొంగుతాయి. ఇలాంటి చోట్ల పనిచేసే చిన్న వ్యాపారులు, కాంట్రాక్టర్లు, రైతులు నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి కోసం చూస్తారు. కొత్త బండి ధర అందుబాటులో ఉండదు కాబట్టి పాత బండే మార్గం.

ఇది కేవలం మెకానిక్‌కు సంబంధించిన విషయం కాదు. ఏళ్లపాటు కూడబెట్టిన సొమ్మును ఒక్కసారిగా పెట్టే ఆర్థిక నిర్ణయం. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియని మార్కెట్లో ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలన్నదే ఈ యూనిట్ అంశం.

9.2 అవసరాన్ని అంచనా వేయడం

సాధారణ జీపులో ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు మాత్రమే వెళుతుంది. డిఫరెన్షియల్ అనే భాగం ఆ శక్తిని రెండు చక్రాలకు పంచుతుంది. ఒక చక్రం బురదలో పట్టు కోల్పోతే అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. పట్టు ఉన్న రెండో చక్రానికి బండిని లాగేంత శక్తి అందదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేస్ అనే అదనపు గేర్ పెట్టె ముందు ఇరుసుకు కూడా శక్తిని పంపుతుంది. అప్పుడు వెనుక చక్రాలు జారినా ముందు చక్రాలు లాగుతాయి.

ఈ బండ్లలో సాధారణంగా మూడు స్థితులు ఉంటాయి. టూ హెచ్ అంటే వెనుక చక్రాలు మాత్రమే. ఫోర్ హెచ్ అంటే మామూలు వేగంలో నాలుగు చక్రాలు. ఫోర్ ఎల్ అంటే వేగం బాగా తగ్గి, చక్రాల దగ్గర లాగే బలం పెరిగే స్థితి. బరువుతో ఏటవాలు ఎక్కడానికి, దిగబడిన చోటు నుంచి బయటపడడానికి ఫోర్ ఎల్ పనికొస్తుంది. అయితే ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల బ్రేకుల శక్తి పెరగదు. పొంగే వాగు దాటడం సురక్షితమూ కాదు.

కాబట్టి మొదటి ప్రశ్న: ఏడాదిలో ఎన్ని రోజులు ఈ సదుపాయం నిజంగా అవసరం? పది పదిహేను రోజులే అయితే ఆ రోజుల్లో ట్రాక్టరు కిరాయికి తీసుకోవడం, మిగతా రోజుల్లో మంచి టైర్లున్న రెండు చక్రాల డ్రైవ్ బండి నడపడం చౌక. అదే సొమ్ము వేరేచోట ఎంత ఉపయోగపడేదో లెక్కించడాన్ని అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు. అటవీ దారుల్లో వారం వారం తిరగాల్సిన వారికి లెక్క వేరుగా ఉంటుంది.

రెండో ప్రశ్న: చూస్తున్న బండి అసలు ఫోర్ వీల్ డ్రైవేనా? ఆకారం చూసి నిర్ధారించకూడదు. బొలెరోల్లో, కమాండర్ జీపుల్లో అధిక భాగం వెనుక చక్రాల డ్రైవ్ బండ్లే. 2010లో వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్ డీఐ రకాన్ని రెండు పద్ధతుల్లోనూ అమ్మారు. సీఆర్‌డీఈ రకం మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్‌గానే వచ్చింది. 1985లో మొదలైన మారుతి జిప్సీ పెట్రోలు బండి. తేలిక కాబట్టి బురదలో సులువుగా కదులుతుంది, కానీ ఇంధన ఖర్చు ఎక్కువ. పాత మహీంద్రా డీజిల్ జీపుల నిర్మాణం సరళం. పల్లె మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. తక్కువ బడ్జెట్ ఉన్నవారికి హంగుల కంటే విడిభాగాలు, పనివాడు దగ్గరలో దొరకడం ముఖ్యం. ఏ మోడల్ ఎంచుకున్నా ఖమ్మంలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దాని ట్రాన్స్‌ఫర్ కేస్ భాగాలు దొరుకుతున్నాయా అని ముందే విచారించాలి.

9.3 సమాచార అసౌష్ఠవం

లావాదేవీలో ఒక పక్షానికి తెలిసిన విషయం రెండో పక్షానికి తెలియకపోవడాన్ని సమాచార అసౌష్ఠవం అంటారు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో 'ది మార్కెట్ ఫర్ లెమన్స్' అనే వ్యాసంలో దీన్ని పాత కార్ల ఉదాహరణతోనే వివరించాడు. అమెరికా వాడుకలో 'లెమన్' అంటే లోపాలున్న కారు. ఈ రంగంలో చేసిన కృషికి 2001లో ఆకర్లాఫ్, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ ముగ్గురికీ ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. మార్కెట్లో సగం మంచి జీపులు, సగం చెడ్డ జీపులు ఉన్నాయనుకోండి. మంచి జీపు కొనేవాడికి 3,00,000 రూపాయల విలువ చేస్తుంది. దాని యజమాని 2,80,000కు తక్కువైతే అమ్మడు. చెడ్డ జీపు కొనేవాడికి 1,50,000 విలువ చేస్తుంది. యజమాని 1,30,000కైనా ఇచ్చేస్తాడు. ఏది ఏదో తెలియని కొనుగోలుదారు సగటు చూసి 2,25,000 ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఆ ధరకు మంచి జీపు యజమాని అమ్మకం మానుకుంటాడు. చెడ్డ జీపు యజమాని సంతోషంగా అమ్ముతాడు. చివరికి మార్కెట్లో చెడ్డవే మిగులుతాయి. దీన్నే ప్రతికూల ఎంపిక అంటారు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల విషయంలో ఈ సమస్య మరింత తీవ్రం. మామూలు కారు లోపాలు చాలావరకు తారు రోడ్డు మీద అరగంట నడిపితే బయటపడతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ లోపం అలా బయటపడదు. ఎందుకంటే తారు రోడ్డు మీద ముందు ఇరుసు పనిచేయవలసిన అవసరమే రాదు. అదనపు ధర ఏ భాగం కోసం చెల్లిస్తున్నామో, ఆ భాగమే మామూలు పరీక్షకు అందకుండా ఉంటుంది.

దీనికి పరిష్కారాలు రెండు. మొదటిది సంకేతం: మంచి బండి యజమాని తనంతట తానే సర్వీసు రసీదులు చూపి, మీ మెకానిక్ దగ్గరకు రావడానికి ఒప్పుకుంటాడు. రెండోది వడపోత: కొనేవాడే పరీక్ష పెట్టి మంచిచెడులను వేరు చేస్తాడు. పరీక్షకు ఒప్పుకోని విక్రేత కూడా తెలియకుండానే సమాచారం ఇచ్చినట్టే.

9.4 బండిని పరీక్షించడం

అ) చల్లటి ఇంజిన్: మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మరో రోజు వస్తామని చెప్పాలి. ఉదయం తొలిసారి స్టార్ట్ చేసేటప్పుడే బ్యాటరీ బలహీనత, ఇంజిన్ అరుగుదల తెలుస్తాయి. ఆగకుండా వచ్చే నీలిరంగు పొగ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు.

ఆ) చాసిస్: ఇంజిన్‌కైనా, గేర్ బాక్స్‌కైనా మరమ్మతు ఉంటుంది; కుళ్లిన చాసిస్‌ను బాగుచేయడం కష్టం. బండి కింద పడుకుని తుప్పు, పగుళ్లు, కొత్త వెల్డింగ్ అతుకులు, కమాన్ కట్టలు బిగించే చోట్లు చూడాలి. కొత్తగా దట్టంగా వేసిన నల్ల రంగును అనుమానించాలి.

ఇ) ముందు ఇరుసు: డీజిల్ ఆదా కోసమో, చప్పుడు వస్తోందనో ముందు ప్రొపెల్లర్ షాఫ్టును తీసేసిన బండ్లు ఉంటాయి. షాఫ్టు ఉందో లేదో కంటితో చూడాలి. అయితే షాఫ్టు తిరగడం ఒక్కటే రుజువు కాదు. కొన్ని బండ్లలో టూ హెచ్‌లో కూడా ముందు చక్రాలతోపాటు అది తిరుగుతుంది.

ఈ) పొలంలో పరీక్ష: యజమాని అనుమతితో బండిని దుక్కి నేలలోకో, ఇసుకలోకో తీసుకెళ్లాలి. ముందు చక్రాల హబ్‌లను చేత్తో లాక్ చేయవలసిన బండి అయితే లాక్ చేయాలి. ఆపి ఫోర్ ఎల్ వేసి నెమ్మదిగా కదిలిస్తూ, ముందు చక్రాలు కూడా మట్టిని వెనక్కి నెడుతున్నాయా అని మరొకరు దూరం నుంచి గమనించాలి. లివర్ మధ్యలో జారిపోతే, కరకర శబ్దం వస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ అరిగిందని అనుమానించాలి.

ఈ పరీక్షను పొడి తారు రోడ్డు మీద చేయకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఈ బండ్లలో ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ రెండు ఇరుసులనూ ఒకే వేగంతో బంధిస్తాయి. మట్టిలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. నాలుగు టైర్లు ఒకే కొలతలో, దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలనడానికి కారణం కూడా ఇదే.

ఉ) నీటి జాడలు: 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు వరద ఖమ్మం కాలనీలను ముంచింది. ఇలాంటి వరదల్లో మునిగిన బండ్లను శుభ్రం చేసి అమ్మకానికి పెట్టే అవకాశం ఉంది. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే బురద మరక కనిపించవచ్చు. కార్పెట్ కింద, హెడ్‌లైట్ల లోపల చూడాలి. రెండు డిఫరెన్షియల్స్ ఆయిల్ కొద్దిగా తీయించాలి. అది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం.

9.5 పత్రాలను పరీక్షించడం

ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద స్వయంగా చదివి ఆర్‌సీతో పోల్చాలి. చాసిస్ నంబరు గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే అక్కడితో ఆపేయాలి. సైన్యం వేలంలో కొన్నదని చెప్పే జీపు అయితే వేలం పత్రాలూ, పౌర రిజిస్ట్రేషనూ రెండూ ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. అందుచేత అనుమతి లేకుండా ఇంజిన్ మార్చిన, బాడీ కోసిన జీపు ఎంత చౌకైనా చిక్కే.

సొంత వాడకపు వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత తనిఖీతో అయిదేళ్లకు ఒకసారి పునరుద్ధరించుకోవాలి. కార్లకు ఈ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 14 ఏళ్ల బండి చౌకగా దొరకడానికి ఇదొక కారణం. బేరానికి ముందే రవాణా కార్యాలయంలో ప్రస్తుత రుసుము, హరిత పన్ను తెలుసుకోవాలి. పసుపు బోర్డు బండి అయితే సొంత వాడకానికి మార్చడానికయ్యే ఖర్చు కలుపుకోవాలి.

మధిర రాష్ట్ర సరిహద్దు పట్టణం. నందిగామ, తిరువూరు, విజయవాడల్లో చూసిన బండి 2014 జూన్ 2 తర్వాత వేరే రాష్ట్రపు బండి. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. తెలంగాణలో జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఢిల్లీ నుంచి వచ్చే చౌక డీజిల్ బండ్లకు కూడా ఇదే లెక్క. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షలు రావడంతో అవి ఇతర రాష్ట్రాలకు అమ్మకానికి వస్తాయి. పన్ను కలిపి చూస్తే 'చౌక' చాలాసార్లు కరిగిపోతుంది.

యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30 సమర్పించాలి. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. ఆర్‌సీ మీద ఫైనాన్స్ సంస్థ పేరుంటే అప్పు తీరినట్టు ఫారం 35, ఆ సంస్థ ఇచ్చిన పత్రం తీసుకోవాలి. బీమాను తన పేరుకు మార్చమని కొన్నవాడు 14 రోజుల్లో బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి.

'సంతకాలు చేసిన ఫారాలు ఉన్నాయిగా, తరువాత మార్చుకుందాం' అనే అలవాటు ఇద్దరికీ ప్రమాదకరం. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో కారు పలువురి చేతులు మారినా రిజిస్ట్రేషన్ మొదటి యజమాని పేరు మీదే ఉండిపోయింది. 2009లో ప్రమాదం జరిగింది. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అమ్మి చాలాకాలమైన మనిషి మీద పరిహార భారం పడింది. కొన్నవాడి పరిస్థితీ మెరుగేమీ కాదు: పేరు మారని బండిని తిరిగి అమ్మాలన్నా, బీమా పొందాలన్నా పాత యజమాని దయ మీద ఆధారపడాలి.

పాత వాహనాల వ్యాపారి దగ్గర కొంటే 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం అతనికి రవాణా శాఖ అధికార పత్రం ఉందో లేదో అడగాలి. వ్యాపారి మోసం చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయవచ్చు. తన సొంత బండి అమ్ముకునే పొరుగువాడి మీద సాధారణంగా ఆ మార్గం ఉండదు. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ మూల సూత్రం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, నాణ్యత చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిదే.

9.6 బడ్జెట్ విభజన

చేతిలో ఉన్న మొత్తమంతా బండి ధరకే పెట్టడం చిన్న బడ్జెట్ కొనుగోలుదారుకు చాలా నష్టం చేస్తుంది. 4,00,000 రూపాయలు ఉన్నాయనుకుంటే ఇలా విభజించుకోవచ్చు:

బండి ధర - 3,10,000
తొలి ఏడాది మరమ్మతులు, టైర్లు, ఆయిళ్లు - 50,000
పేరు మార్పిడి, పన్ను, బీమా - 30,000
మెకానిక్ పరీక్షలు, ప్రయాణం - 10,000

వేరే రాష్ట్రపు బండి అయితే మూడో పద్దు పెరుగుతుంది, మొదటిది తగ్గాలి.

చివరి పద్దు వృథా ఖర్చులా కనిపిస్తుంది. లెక్క చూడండి. అమ్మకానికున్న పది బండ్లలో నాలుగింటికి 80,000 రూపాయల దాగిన మరమ్మతు ఉందనుకుందాం. పరీక్ష లేకుండా కొంటే ఆశించదగిన నష్టం 80,000లో పదింట నాలుగు వంతులు, అంటే 32,000. ఒక్కో పరీక్షకు 3,000 చొప్పున మూడు బండ్లు చూపించినా ఖర్చు 9,000. పరీక్ష ప్రతి లోపాన్నీ పట్టలేకపోయినా, మూడింట ఒక వంతు నష్టాన్ని తప్పించినా ఆ డబ్బు తిరిగి వచ్చినట్టే. మెకానిక్‌ను మాత్రం మీరే ఎంచుకోవాలి. అమ్మేవాడు చూపిన మెకానిక్ చెప్పేది పరీక్ష కాదు. పరీక్ష పూర్తయ్యేవరకు పెద్ద అడ్వాన్సు ఇవ్వకూడదు. అడ్వాన్సు ఇచ్చాక 'ఈ బండి వద్దు' అనడం కష్టమవుతుంది.

9.7 సారాంశం

ఫోర్ వీల్ డ్రైవ్ అవసరాన్ని ఏడాదిలో వాడే రోజులతో లెక్కించాలి. పాత వాహనాల మార్కెట్లో అమ్మేవాడికి ఎక్కువ, కొనేవాడికి తక్కువ తెలుసు. ఫోర్ వీల్ డ్రైవ్ లోపం తారు రోడ్డు మీద కనిపించదు కాబట్టి ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. మట్టిలో పరీక్ష, సొంత మెకానిక్, పత్రాల పరిశీలన ఈ అంతరాన్ని తగ్గించే సాధనాలు. వాటికి అయ్యే ఖర్చును బండి ధరలో భాగంగానే చూడాలి. పేరు మార్పిడి పూర్తయితేనే కొనుగోలు పూర్తయినట్టు.

9.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత వాహనాల మార్కెట్ ఆధారంగా సమాచార అసౌష్ఠవాన్ని, ప్రతికూల ఎంపికను వివరించండి.
2. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనేముందు పరిశీలించవలసిన పత్రాలను చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫోర్ వీల్ డ్రైవ్ పరీక్షను పొడి తారు రోడ్డు మీద ఎందుకు చేయకూడదు?
2. సంకేతం, వడపోతల మధ్య భేదం తెలపండి.
3. మీ ప్రాంతంలో అమ్మకానికి ఉన్న ఒక పాత వాహనాన్ని ఎంచుకుని, 9.6లో చూపిన పద్ధతిలో బడ్జెట్ తయారుచేయండి.