ప్రాక్సీ సర్వరు సామర్థ్యమును కొలచుట ఎట్లు?

ఇచ్ఛాపురము దగ్గర సముద్రపుటొడ్డున ఉన్న డొంకూరులో ఒక చిల్లర దుకాణమున్నదనుకొందము. ఉప్పు, పప్పు, బెల్లము ఊరివారు తరచుగా అడుగుదురు గనుక దుకాణదారు వానిని ముందే తెచ్చి ఉంచుకొనును. ఎప్పుడో ఒకరు అడుగు వస్తువు కొరకు మాత్రము ఇచ్ఛాపురము పోయి రావలెను. ప్రాక్సీ సర్వరు అను కంప్యూటరు చేయు పనియు ఇట్టిదే.

ఆ ఊరి పాఠశాలలో ముప్పది కంప్యూటర్లు ఒకే ఇంటర్నెట్ లైనును పంచుకొనుచున్నవనుకొనుడు. ఒక విద్యార్థి కోరిన పుటను ప్రాక్సీ దూరపు సర్వరునుండి తెచ్చి ఇచ్చును. దాని నకలు నొకదానిని తనవద్ద దాచుకొనును. మరియొకరు అదే పుటను కోరినచో ఆ నకలునే ఇచ్చును. ఈ నిల్వకు క్యాష్ అని పేరు. డబ్బు అను అర్థములో మనము వాడు క్యాష్‌కును దీనికిని సంబంధము లేదు. కోరినది నిల్వలో దొరికినచో దానిని హిట్టు అనియు, దొరకనిచో మిస్సు అనియు అందురు.

నూరు కోరికలలో అరువది హిట్టులనుకొందము. హిట్టుకు సెకండులో పదవవంతు, మిస్సుకు 3 సెకండ్లు పట్టునెడల మొత్తము కాలము 6 + 120 = 126 సెకండ్లు. అనగా సగటున 1.26 సెకండ్లు. ప్రాక్సీ లేనిచో ప్రతి కోరికకు 3 సెకండ్లు పట్టియుండెడిది. లాభము స్పష్టమే.

కాని ఇదే లెక్కను మరియొక విధముగా చూడుడు. హిట్టయిన అరువది పుటలు ఒక్కొక్కటి 10 కిలోబైట్లు. మిస్సయిన నలుబది ఒక్కొక్కటి 100 కిలోబైట్లు అనుకొందము. వచ్చిన మొత్తము 4,600 కిలోబైట్లలో నిల్వనుండి ఇచ్చినది 600 మాత్రమే, అనగా సుమారు 13 శాతము. కోరికల లెక్కలో 60 శాతమైనది లైను మీది బరువు లెక్కలో 13 శాతమే అయినది! ఒకే యంత్రమునకు రెండు అంకెలు, రెండును నిజమే. కావున ఏమి కొలచితిమో చెప్పని అంకెను నమ్మరాదు.

ఇట్టి కొలతకు ఒక క్రమపద్ధతి కావలెనని 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జుసారా అల్మైడా, పే కావ్ అను పరిశోధకులు విస్కాన్సిన్ ప్రాక్సీ బెంచ్‌మార్కును రూపొందించిరి. దాదాపు అదే కాలమున వెబ్ పాలిగ్రాఫ్ అను పరీక్షా సాధనము కూడ వెలువడెను. వీనియందు కోరువారును, పుటలనిచ్చు సర్వర్లును కూడ కృత్రిమములే. కొన్ని కంప్యూటర్లు విద్యార్థులవలె కోరికలు పంపును. కొన్ని దూరపు సర్వర్లవలె కావలెననియే ఆలస్యము చేసి బదులిచ్చును. నడుమ పరీక్షింపవలసిన ప్రాక్సీ ఉండును. అన్ని ప్రాక్సీలకును ఒకే ప్రశ్నపత్రము ఇచ్చినట్లగును గనుక వానిని పోల్చుటకు వీలగును.

ఈ ప్రశ్నపత్రమును కూర్చుటలో మూడు జాగ్రత్తలు కావలెను. మొదటిది, నిల్వను పూర్తిగా నింపిన తరువాతనే కొలవవలెను. ఖాళీ కొట్టులో సరకు సర్దుట సులభము. నిండిన కొట్టులో క్రొత్తది పెట్టవలెనన్న పాతదేదో తీయవలెను. రెండవది, కోరికల తీరు సహజముగా ఉండవలెను. కొన్ని పుటలను అనేకులు కోరుదురు. అనేక పుటలను ఎవరో ఒకరు కోరుదురు. అన్నిటిని సమానముగా కోరినచో ఆ పరీక్షకు లోకముతో పోలిక ఉండదు. మూడవది, కోరికల వేగమును క్రమముగా పెంచుచు పోవలెను. కొంతవరకు ప్రాక్సీ తడబడదు. ఆ మీద వరుస పెరిగి, ఆలస్యము ఒక్కమారుగా హెచ్చును. ఆ హద్దును తెలిసికొనుటయే పరీక్షలో ముఖ్యభాగము.

వేగము ఒక్కటే చాలునా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరమును దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చివైచెను. అట్టి వేళ అందరును కోరునది ఒకే పుట, తుఫాను హెచ్చరిక. హిట్టులు మెండుగా దొరకును. యంత్రము చక్కగా పనిచేయుచున్నట్లు కనబడును. కాని తుఫాను దగ్గరపడినప్పుడు వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి క్రొత్త ప్రకటన వెలువరించును. ప్రాక్సీ పాత నకలునే ఇచ్చుచున్నచో, పడవ దింపవచ్చునో కూడదో తేల్చుకొనవలసిన మత్స్యకారునికి అందినది నిన్నటి సముద్రము!

దీనికి విరుగుడు ఉన్నది. నకలును ఎంతసేపు వాడవచ్చునో పుటతోపాటు సర్వరు తెలుపగలదు. గడువు తీరగానే ప్రాక్సీ "ఇది మారినదా?" అని అడుగును. మారనిచో సర్వరు 304 అను సంకేతముతో చిన్న జవాబు పంపును. పుటను మరల పంపనక్కరలేదు. ఈ అడుగుటకు కొంత కాలము పట్టును. కావున తాజాతనమును లెక్కింపని పరీక్షలో, ఎన్నడును అడుగని ప్రాక్సీయే మొదటి బహుమతి పొందును!

నేడు పెక్కు పుటలు హెచ్‌టిటిపిఎస్ పద్ధతిలో రహస్యలిపిగా మారి వచ్చుచున్నవి. దారిమధ్యనున్న మామూలు ప్రాక్సీ వానిని చదువజాలదు గనుక దాచియు లాభము లేదు. అందుచే ఈ నిల్వపని ఇప్పుడు ఎక్కువగా మన బ్రౌజరులోను, పుటల యజమానుల తరపున పలుచోట్ల నిలిపిన సర్వర్లలోను జరుగుచున్నది. చోటు మారినను కొలత సూత్రములు మారలేదు.

విద్యార్థులు దీనిని స్వయముగా చూడవచ్చును. బ్రౌజరులోని నిల్వను తుడిచివేసి, బొమ్మలు ఎక్కువగా ఉన్న పుటను తెరచి, పట్టిన కాలమును వ్రాసికొనుడు. మూసి మరల తెరచి చూడుడు. ఒక్కసారితో తృప్తిపడక పదిమార్లు చేసి, సగటుతోపాటు అత్యధిక కాలమును కూడ గుర్తింపుడు.

దుకాణదారు ఎంత త్వరగా సరకు ఇచ్చెనని మాత్రమే అడుగుట చాలదు. ఇచ్చినది తాజాదేనా అని కూడ అడుగవలెను.