ఎంపాక్స్‌ను ఆటలమ్మగా పొరబడరాదు

ఎంపాక్స్ వ్యాధి విషయమై 2024 ఆగస్టు 14న ప్రకటించిన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరు 5న ఉపసంహరించుకొన్నది. దానితో పత్రికలలో ఈ వ్యాధి ముచ్చట సన్నగిల్లినది గాని, వ్యాధి అంతరించలేదు. మధ్య ఆఫ్రికా దేశాలను అది వీడిపోలేదు. ప్రయాణికుల వెంట ఇతర దేశాలకు చేరే అవకాశం తొలగిపోలేదు. బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు పోయివచ్చే కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలలోనూ ఉన్నవి గనుక, దీనిని గురించి కొంత వివరంగా తెలిసికొనుట అవసరం.

ముందుగా పేరు సంగతి. 1958లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లోని ఒక పరిశోధనశాలలో కోతులకు పొక్కులు రాగా, వాటిలో ఈ వైరస్‌ను మొదటిసారి కనుగొన్నారు. అందుచేత దీనికి మంకీపాక్స్ అన్న పేరు స్థిరపడినది. మనుష్యులలో మొదటి కేసు 1970లో కాంగో దేశంలో తొమ్మిది నెలల పసివానికి వచ్చినట్లు గుర్తించారు. వైరస్‌కు అసలు ఆశ్రయం కోతులు కావనీ, ఆఫ్రికా అడవులలోని ఉడుతలు, ఎలుక జాతి జంతువులు కావచ్చుననీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ పేరు ఎంత చేటు చేసినదనగా, 2022 ఆగస్టులో బ్రెజిల్ దేశంలో జనం భయంతో కోతులను కొట్టి, వాటికి విషం పెట్టిన సంఘటనలు జరిగినవి. ఆ సంవత్సరం నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరును ఎంపాక్స్‌గా మార్చినది. మన గుడుల చుట్టూ తిరిగే కోతులను, తోటలలోని కొండముచ్చులను దీనికై అనుమానింపవలసిన పని లేదు.

ఇది మశూచి కుటుంబానికి చెందిన వైరస్. ఆ మశూచికి మన సరిహద్దులకు ఇరుప్రక్కలా ఎన్ని పేర్లో! తెలుగువారికి పెద్దమ్మవారు, తమిళులకు పెరియమ్మై, కన్నడిగులకు సిడుబు, మరాఠీలకు దేవి, ఒడియా వారికి బసంత. 1975లో మన దేశం నుండి తొలగిపోయిన ఆ మహమ్మారి 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయినది. దానితో మశూచి టీకా కూడా నిలిచిపోయినది. ఆ టీకా ఎంపాక్స్ నుండి కూడా కొంత రక్షణ ఇచ్చేది. కనుక నేడు ఇంటిలోని తాతయ్యకు, నాయనమ్మకు ఉన్న ఆ పాటి రక్షణ కూడా నలభై యేండ్ల లోపు కొడుకులకు, కోడండ్లకు, మనుమలకు లేదు. చిన్నవారి ఎడమ భుజం మీద కనిపించే మచ్చను చూచి ధైర్యపడరాదు. అది క్షయ నివారణకు వేసే బి.సి.జి. టీకా మచ్చ, దానికీ దీనికీ సంబంధం లేదు.

వైరస్ ఒంటిలో ప్రవేశించిన తరువాత సాధారణంగా ఒకటి రెండు వారాలకు, మొత్తం మీద 3 నుండి 21 రోజుల లోపల, లక్షణాలు బయటపడతాయి. జ్వరం, తలనొప్పి, నడుము నొప్పి, ఒళ్ళు నొప్పులు, విపరీతమైన నీరసం వస్తాయి. పిదప పొక్కులు లేస్తాయి. మొదట మచ్చవలె ఉండి, గట్టిపడి, నీరు పట్టి, చీము పట్టి, చివరకు పెచ్చు కట్టి రాలిపోతాయి. ఇదంతా రెండు నుండి నాలుగు వారాల వ్యవహారం.

మన ఇండ్లలో పొక్కులు కనబడగానే ఆటలమ్మ అనుకొనుట పరిపాటి. చాలా సందర్భాలలో అది నిజమే కావచ్చును. అయితే కొన్ని భేదాలు ఉన్నవి. ఆటలమ్మలో పొక్కులు ఛాతీ, వీపు మీద దట్టంగా వస్తాయి. ఒకచోటనే కొన్ని అప్పుడే లేస్తూ, కొన్ని నీరు పట్టి, కొన్ని ఎండిపోతూ కనిపిస్తాయి. అరచేతులలో, అరికాళ్ళలో వచ్చుట అరుదు. ఎంపాక్స్ పొక్కులు ముఖం మీద, అరచేతులలో, అరికాళ్ళలో, మర్మావయవాల వద్ద రావచ్చును. లోతుగా, గట్టిగా ఉంటాయి. ఒకచోటి పొక్కులు తరచుగా ఒకే దశలో ఉంటాయి. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు బిళ్ళలు కట్టుట. మెడ క్రింద, చంకలలో, గజ్జలలో బిళ్ళలు ఉబ్బి నొప్పి పెట్టుట ఎంపాక్స్‌లో సాధారణం, ఆటలమ్మలో అంతగా ఉండదు. ఇట్లని ఈ గుర్తులను పట్టుకొని ఇంటిలోనే తీర్పు చెప్పుకొనుట కూడా తగదు. 2022 తరువాత వచ్చిన కేసులలో కొందరికి జ్వరమే లేకుండ, మర్మస్థానంలోనో నోటిలోనో రెండు మూడు పొక్కులు మాత్రమే వచ్చినవి. పొక్కు నుండి తీసిన నమూనాను పరీక్షించినప్పుడే నిజం తేలుతుంది. 2022 జూలైలో కువైట్ నుండి కామారెడ్డికి వచ్చిన ఒకరి విషయంలో అట్లే అనుమానం కలిగి, నమూనాలను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపగా వ్యాధి లేదని తేలినది. ఆ కుటుంబానికి, ఆ ఊరికి నిశ్చింత కలిగినది పరీక్ష వల్లనే గదా.

వ్యాధి ప్రధానంగా దగ్గరి స్పర్శ వలన సోకుతుంది. పొక్కులను తాకుట, ఒకే పడకపై శయనించుట, లైంగిక సంపర్కం, ఎదురెదురుగా చాలసేపు దగ్గరగా కూర్చొని మాట్లాడుట, రోగి వాడిన దుప్పటి, తువ్వాలు, బట్టలు వాడుట ఇందుకు మార్గాలు. గర్భిణి నుండి శిశువుకు సోకవచ్చును. 2022లో ఐరోపా, అమెరికా ఖండాలలో ఇది ఎక్కువగా పురుషులతో లైంగిక సంబంధం గల పురుషులలో వ్యాపించిన మాట నిజమే. కాని కాంగో దేశంలో వేలాది పసిపిల్లలకు కూడా సోకినది. రోగి నడతను గురించి ఊరివారు చెవులు కొరుక్కొనుట అన్యాయమే కాదు, ప్రమాదకరం కూడా. ఆ మాటలకు జడిసియే రోగి వ్యాధిని దాచుతాడు.

దాచుట వలన ఏమి జరుగునో కేరళ అనుభవం చెప్పుచున్నది. మన దేశంలో మొదటి కేసు 2022 జూలై 14న కొల్లంలో తేలినది. ఆయన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుండి వచ్చినవాడు. అదే నెల 30న త్రిస్సూరు జిల్లాలో అక్కడి నుండియే వచ్చిన ఒక యువకుడు మరణించాడు. రాకముందే అక్కడ జరిపిన పరీక్షలో ఆయనకు వ్యాధి ఉన్నట్లు తేలినది. ఆ సంగతి ఇక్కడి ఆసుపత్రికి మరణించిన రోజున గాని తెలియలేదు. ముందే తెలిసి ఉంటే ప్రాణం దక్కేదని ఎవరూ చెప్పలేరు. కాని చికిత్స చేసిన వైద్యులకు, దగ్గర మెలిగిన బంధుమిత్రులకు జాగ్రత్తపడే వ్యవధి దొరికేది.

రోగికి ఇంటిలో వేరు గది, వేరు పడక ఇచ్చుట మొదటి పని. అమ్మవారు పోసినదని గుమ్మానికి వేపమండలు కట్టి, పరులను రానీయని మన పెద్దల ఆచారంలో ఈ మంచి ఇమిడియే ఉన్నది. కాని పలకరింపుల పేరిట అందరూ వచ్చి మంచం మీద కూర్చొనుట, పిల్లలను దగ్గర పడుకోబెట్టుట మానవలెను. సపర్యలు చేసేవారు ఒక్కరే ఉండి, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. రోగి దుప్పట్లను దులుపరాదు. రాలిన పెచ్చులలో వైరస్ ఉంటుంది. వాటిని చాకలికి వేయక, ఇంటిలోనే వేడి నీటిలో సబ్బు పొడితో ఉతికి ఎండవేయవలెను. చెరువు స్నానం, మంగలి కత్తి కొంతకాలం వద్దు. పెచ్చులన్నీ రాలి క్రొత్త చర్మం వచ్చేవరకు ఈ నియమం సాగవలసినదే.

చాలామందికి వ్యాధి తనంతట తానే తగ్గుతుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, అదుపులో లేని హెచ్.ఐ.వి. వంటి కారణాలచే రోగనిరోధక శక్తి తగ్గినవారికి ముప్పు ఎక్కువ. కంటి నొప్పి, ఆయాసం, మగత, నీరు కూడా మింగలేకుండుట కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలువవలెను. ఆసుపత్రికి పోయినంత మాత్రాన ఏమి చేస్తారులే అనేవారికి ఒక సమాధానం ఉన్నది. కాంగోలో టెకోవిరిమాట్ అనే మందుపై జరిగిన ప్రయోగ ఫలితం 2024 ఆగస్టులో వెల్లడైనది. ఆ మందు పొక్కులను త్వరగా మాన్పలేదు. అయినను ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేసినవారిలో, మందు పడినవారైనా పడనివారైనా, మరణాలు నూటికి 1.7 మాత్రమే, ఆ దేశంలో మొత్తం మీద అప్పుడు 3.6 లేక అంతకు మించి ఉండేవి. పోషణ, శుభ్రత, ఇతర రోగాలకు సకాలంలో మందు, ఇవే ప్రాణాలు కాపాడినవి. ఎంపాక్స్‌కు టీకాలు ఉన్నవి గాని, అందరికీ వేయుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయలేదు.

ఇక సరిహద్దు మాట. 2024 జూలైలో కాంగో పొరుగు దేశాలైన బురుండి, రువాండా, ఉగాండాలకు, ఆ వెంటనే కెన్యాకు ఈ వ్యాధి మొదటిసారిగా చేరినది. కెన్యాలో తొలి రోగిని పట్టుకొన్నది పెద్ద ఆసుపత్రి కాదు, టవేటా అనే సరిహద్దు చౌకీలోని ఆరోగ్య సిబ్బంది. మన రాష్ట్రాల సరిహద్దులలో అట్టి చౌకీలు లేవు. హోసూరు వారు బెంగుళూరుకు, యానాం వారు కాకినాడకు, పర్లాకిమిడి వారు శ్రీకాకుళానికి వైద్యానికై పోవుట నిత్యకృత్యం. ఇటువంటప్పుడు ఆసుపత్రి చీటీలో బంధువుల చిరునామా వ్రాయించినచో, రోగి స్వగ్రామంలోని ఆరోగ్య కేంద్రానికి కబురే అందదు. కనుక సొంత ఊరు, తాలూకా, జిల్లా, రాష్ట్రం సరిగా వ్రాయించవలెను. గత మూడు వారాలలో ఎక్కడెక్కడ తిరిగినదీ, ఏ విమానంలో వచ్చినదీ, ఎవరింట పడుకొన్నదీ దాచక చెప్పవలెను. రోగితో మెలిగినవారు చివరి కలయిక నుండి 21 రోజులు లెక్కపెట్టుకొని, ప్రతిదినం జ్వరం చూచుకొని, పొక్కు గాని బిళ్ళ గాని కనబడితే తమ ఊరి ఆశా కార్యకర్తకు తెలుపవలెను. ఆమె మాట్లాడేది కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, పొక్కును చూపుటకు భాష అడ్డు రాదు.