మీకు తెలుసా? పొద్దుగూకాక రోడ్డు మీద దోచుకుంటే శిక్ష ఎక్కువ!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో 2024 జూలై 1 నుంచి జరిగే దొంగతనాలకు వర్తించేది భారతీయ న్యాయ సంహిత. నేరం తీరును బట్టి శిక్ష మారుతుంది.

● మామూలు దొంగతనానికి (సెక్షన్ 303) మూడేళ్ల వరకు జైలు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలినవారు దాన్ని తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. రెండోసారైతే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష.

● మెడలో గొలుసు, చేతిలో ఫోన్ లాక్కుపోవడం ఇప్పుడు ప్రత్యేక నేరం (304). మూడేళ్ల వరకు జైలు.

● ఇంట్లో చొరబడి ఎత్తుకుపోయినా, గుడిలో విగ్రహం మాయం చేసినా, ప్రభుత్వ సొత్తు కాజేసినా ఏడేళ్ల వరకు (305). మిర్యాలగూడ రైస్ మిల్లుకు వడ్లు తెచ్చే లారీని దొంగిలించినా, అందులోంచి బస్తాలు దించుకుపోయినా ఇదే సెక్షన్.

● కొట్టి, బెదిరించి లాక్కుంటే అది దోపిడీ (309): పదేళ్ల వరకు కఠిన శిక్ష. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి వంటి చోట, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు చేస్తే 14 ఏళ్ల వరకు! దీనికి ముందున్న 1860 నాటి శిక్షాస్మృతిలోనూ ఈ నిబంధన ఉండేది.

● ఐదుగురు, అంతకు మించి కలిసి దోచుకుంటే బందిపోటు నేరం (310). యావజ్జీవం దాకా పడొచ్చు. పక్కన నిలబడి సాయపడినవాడూ లెక్కలోకి వస్తాడు. ఆ దోపిడీలో ఒక్కడు హత్య చేసినా మిగతావారికీ మరణశిక్ష పడే అవకాశం ఉంది.