నీళ్లపొయ్యి లోపల సిమెంటు పూయరాదు

తిరుమలాయపాలెం వైపు సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము లెక్కల పుస్తకాల కంటె ముందు క్యాన్లు కడిగే చోటు చూస్తాము. అక్కడి నీళ్లపొయ్యి బాగుంటేనే క్యాన్లు బాగుంటాయి.

ఒక సంఘంలో (ఊరి పేరు ఎందుకులెండి) పొయ్యి లోపలి మట్టిపూత మాటిమాటికి ఊడుతున్నదని సిమెంటు పూయించారు. ఆ ఖర్చుకు సరే అన్నది మేమే. నెల తిరగకముందే పెచ్చులు లేచి, ఇటుకలు కదిలి, గుండిగ ఒక పక్కకు ఒరిగింది. పొయ్యి బాగయ్యేవరకు క్యాన్లను చన్నీళ్లతోనే కడిగారు. రెండు పూటల పాలు పులిసి తిరిగివచ్చాయి. నష్టం పాలు పోసిన వారందరి మీదా పడింది.

సిమెంటు గట్టిపడేది నీటిని తనలో కలుపుకొని. కట్టెల మంట దగ్గర వేడి 700 డిగ్రీలు దాటుతుంది. 400, 500 డిగ్రీలకే సిమెంటులోని ఆ నీరు విడిపోయి సున్నం మిగులుతుంది. దానిపై నీళ్లు ఒలికితే ఉబ్బి రాలుతుంది. మట్టి సంగతి వేరు. అది కాలినకొద్దీ ఇటుక అవుతుంది.

అయితే ఏ మట్టి అయినా పనికిరాదు. ఒట్టి నల్లరేగడి ఆరగానే బీటలు వారుతుంది. పుట్టమన్ను మేలు. మూడు తట్టల మన్నుకు ఒక తట్ట వరి ఊక, కొంచెం పేడ కలిపి, రాత్రంతా నాననిచ్చి బాగా తొక్కించవలెను. పాత గోడను తడిపి రెండు అంగుళాల మందాన మెత్తవలెను. ఊక కాలిపోయిన చోట సన్నని గుల్లలు మిగులుతాయి. వేడి గోడలోకి పోకుండా గుండిగకే అందుతుంది, కట్టెలూ కలిసివస్తాయి. పూత నీడన పూర్తిగా ఆరినాకే, మొదట చిన్న మంట వేయవలెను. తొందరపడితే లోపలి తడి ఆవిరై పూతను పగులగొడుతుంది.

హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు గారు 1953లో పొగలేని వంటిళ్లను గురించి పుస్తకం వెలువరించారు. వారు చెప్పిన పొయ్యి కూడ మట్టిదే.

పని కాగానే కట్టెల మీద నీళ్లు చల్లి ఆర్పే అలవాటు మన దగ్గర ఉంది. ఎర్రగా కాగిన పూతకు అంతకంటె చేటు లేదు. కొరవులను బయటికి లాగి ఇసుకలో గుచ్చితే చాలు. బూడిదను ప్రతిదినం తీయవలెను. దానిలోని క్షారం పూతను తినివేస్తుంది. సన్నని బీట కనబడిన రోజే తడిపి అదే మన్నుతో పూడ్చండి. ఫైర్ ఇటుకలు కొనగల సంఘాలు వాటినే వాడవచ్చు, కాని అతుకులకు ఫైర్ క్లే మట్టినే పెట్టించవలెను. మేస్త్రి సిమెంటు అంటే వినకండి.