మూడు చక్రాల చార్జింగు బండి

చార్జింగు బండి అంటే నడవలేనివారి కోసం తయారైన చిన్న విద్యుత్ వాహనం. ముందు ఒక చక్రం, వెనక రెండు, నడుమ సీటు, సీటు కింద బ్యాటరీలు, హ్యాండిల్ మీద యాక్సిలరేటరు ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ బండ్లు చాలావరకు ప్రభుత్వ శిబిరాల్లోనే అందుతాయి. పంపిణీ ఒక్క పూటలో ముగుస్తుంది. ఆ తర్వాత బండి ఎన్నేళ్లు నడుస్తుందన్నది ఎక్కే మనిషి, ఇంటివాళ్లు, దగ్గర్లోని సైకిల్ షాపు మేస్త్రి దాన్ని ఎలా చూసుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది.

దీని వంశం పాతది. 1655 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ దగ్గర స్టీఫెన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు, తాను నడవలేడు కాబట్టి, చేత్తో తిప్పి నడుపుకొనే మూడు చక్రాల బండిని స్వయంగా చేసుకున్నాడు. చేతి సైకిల్ పేరుతో మన ఊళ్లలో నేటికీ తిరుగుతున్న బండిది కూడా ఆ పద్ధతే. రెండో ప్రపంచ యుద్ధంలో మెడ, వెన్ను దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయిన సైనికుల కోసం కెనడా జాతీయ పరిశోధన మండలి ఇంజనీరు జార్జ్ క్లైన్ 1950ల్లో విద్యుత్ చక్రాల కుర్చీని రూపొందించాడు. ఇక హ్యాండిల్ పట్టుకుని నడిపే స్కూటరు 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వచ్చింది. ప్లంబింగు పనులు చేసే అలన్ థీమ్ తన కుటుంబంలో నరాల జబ్బుతో నడక పోయిన మనిషి కోసం దాన్ని తయారు చేసి, అమిగో అని పేరు పెట్టాడు. ఈ ముగ్గురిలో ఇద్దరిని పనికి పురికొల్పింది సొంత అవసరమో, ఇంట్లో అవసరమో కావడం గమనించదగ్గది.

మన దేశంలో ఈ పరికరాల తయారీకి ప్రభుత్వం 1972లో కాన్పూరులో అలింకో సంస్థను నెలకొల్పింది. అక్కడ ఉత్పత్తి 1976లో మొదలైంది. పరికరాలను పేదలకు చేర్చే అడిప్ పథకం 1981లో వచ్చింది. 2014లో సవరించిన నిబంధనలు తీవ్ర వైకల్యం ఉండి 16 ఏళ్లు నిండినవారికి మోటారు ట్రైసైకిల్ కోసం రూ. 25,000 దాకా సాయాన్ని అనుమతించాయి. శిబిరాలు రెండు విడతల్లో జరుగుతాయి. మొదట వైద్యులు పరీక్షించి ఎవరికి ఏది కావాలో రాసుకుంటారు, తర్వాత ఇంకో రోజు పరికరాలు ఇస్తారు. కృత్రిమ కాలుతో నడవగలిగేవారి దారి వేరు. వారికి విజయనగరం జిల్లా కొత్తవలస మండలం మంగళపాలెంలోని శ్రీ గురుదేవా చారిటబుల్ ట్రస్టు వంటి చోట్ల అవయవాలు అమరుస్తారు. కాలు పెట్టినా నడవలేని మనిషికే ఈ బండి. చిన్నప్పుడు పోలియో వచ్చి, చేతి సైకిల్‌ను దశాబ్దాల పాటు తిప్పినవారికి నడివయసులో భుజాలు అరిగి నొప్పి పట్టుకుంటుంది. మోటారు వారి చేతులను కాపాడుతుంది.

బండి పనితీరు సులువైనదే. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపితే 24 వోల్టులు వస్తాయి. కొన్ని నమూనాల్లో 36 లేదా 48 వోల్టులు ఉంటాయి. యాక్సిలరేటరు తిప్పిన మేరకు కంట్రోలరు మోటారుకు కరెంటు వదులుతుంది. పాశ్చాత్య దేశాల స్కూటర్లలో బ్రేకు తలకిందుల పద్ధతిలో పనిచేస్తుంది. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ బిగించి ఉంచుతుంది, కరెంటు వచ్చినప్పుడే వదులుతుంది. చెయ్యి తీస్తే బండి దానంతట అదే ఆగుతుంది, బ్యాటరీ చచ్చినా బ్రేకు పడే ఉంటుంది. అయితే బండిని చేత్తో తోయడానికి వీలుగా మోటారును చక్రాల నుంచి విడదీసే మీట ఒకటి ఉంటుంది. ఆ మీట తీసి ఉంటే ఈ బ్రేకు అసలు పట్టదు. వాలు మీద ఆ మీటను ముట్టుకోకూడదు. మన దగ్గరి ట్రైసైకిళ్లలో ఎక్కువగా సైకిల్ మాదిరి కేబులు బ్రేకులే ఉంటాయి. బయలుదేరే ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు తోసి చూడాలి. చక్రం కదిలినా, లీవరు హ్యాండిల్‌కు ఆనుకునేదాకా వచ్చినా కేబులు సాగిందన్నమాట. మేస్త్రి దాన్ని కొద్ది నిమిషాల్లో బిగించేస్తాడు. ఆ కాస్త పని వాయిదా వేసుకోవడమే ప్రమాదాలకు దారి.

పడిపోవడంలో ప్రధాన దోషం వేగంగా తిప్పిన మలుపుది. మూడు చక్రాల బండి ముక్కాలిపీట లాంటిది. బరువు మూడు కాళ్ల మధ్య త్రిభుజంలో ఉన్నంతసేపే నిలుస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 4 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తీసుకుంటే బండిని బయటికి నెట్టే బలం మొత్తం బరువులో 44 శాతం ఉంటుంది. వెనక చక్రాల మధ్య 70 సెంటీమీటర్లు ఉండి, మనిషితో కలిపి గురుత్వ కేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున, వెనక ఇరుసు నుంచి ముందు చక్రం వైపు మూడో వంతు దూరంలో ఉందనుకుంటే, సుమారు 36 శాతం దగ్గరే లోపలి చక్రం లేచిపోతుంది. అదే మలుపులో వేగం సగానికి తగ్గిస్తే నెట్టే బలం నాలుగో వంతుకు, అంటే 11 శాతానికి పడిపోతుంది. మలుపులో మనిషి లోపలివైపు ఒరగాలి. హ్యాండిల్‌కు బరువైన సంచి తగిలించకూడదు. వెనక ఇంకొకరిని ఎక్కించుకోవడం రెండు విధాలా చేటు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. వాలు మీద అడ్డంగా పోకుండా నేరుగా ఎక్కి నేరుగానే దిగాలి.

ఎత్తు ఎక్కడం మోటారుకు ఎంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. మనిషి, బండి కలిసి 150 కిలోలైతే, గంటకు 6 కిలోమీటర్ల వేగంతో చదునైన తారురోడ్డు మీద చక్రాల దగ్గర సుమారు 50 వాట్లు చాలు. 12 అడుగుల పొడవుకు అడుగు ఎత్తు లేచే ర్యాంపు మీద 250 వాట్లు కావాలి. దేశంలో ర్యాంపులకు గరిష్ఠంగా అనుమతించే వాలు ఇదే. అంతకంటే నిటారుగా కట్టిన ర్యాంపు ఆఫీసు ముందు ఉన్నా ఈ బండికి పనికిరాదు. ఉద్దానం తీర గ్రామాల వదులు ఇసుక బాటల్లో చక్రం కూరుకుపోతుంటే కరెంటు మరీ పెరిగి, మోటారు, కంట్రోలరు కాలిపోయేంత వేడెక్కుతాయి. అలాంటి చోట ఆగి తోయించుకోవడమే మంచిది. వేడికి ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలి. రాగి తీగ చుడితే తర్వాత కాలేది వైరింగే.

బండి ఆయుష్షు ఎక్కువగా బ్యాటరీలోనే ఉంది. సీసం, ఆమ్లంతో పనిచేసే బ్యాటరీని వాడి, చార్జి లేకుండా వదిలేస్తే పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జి పెట్టినా తిరిగి కరగదు. అందుకే ఎంత తక్కువ దూరం తిరిగినా ఆ రాత్రే చార్జింగు పెట్టాలి. బండి వాడని నెలల్లో కూడా అప్పుడప్పుడు పెట్టాలి. చార్జింగు పెట్టకుండా కొన్ని గంటలు ఉంచి కొలిస్తే నిండిన 12 వోల్టుల బ్యాటరీ 12.7 వోల్టుల దాకా చూపుతుంది. 12.2 చూపితే సగమే మిగిలింది. జంటలో ఒకటి బలహీనపడితే రెండోదాన్ని కూడా లాగేస్తుంది కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలవాలి, మారిస్తే రెండూ మార్చాలి. సీల్డ్ బ్యాటరీలో నీళ్లు పొయ్యకూడదు. మూతలున్న రకంలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. చార్జింగు సమయంలో హైడ్రోజన్ వెలువడవచ్చు, కాబట్టి గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా పెట్టాలి. లిథియం బ్యాటరీకి దాని చార్జరే వాడాలి, ఉబ్బినదాన్ని మళ్లీ చార్జి చెయ్యకూడదు. వేడి కూడా శత్రువే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. వేసవిలో బండిని రేకుల షెడ్డులో కాక చెట్టు నీడన పెట్టడం ఖర్చు లేని మరమ్మతు.

కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి టెర్మినళ్లను తినేస్తుంది. బోల్టు చుట్టూ పచ్చని, తెల్లని పొడి పట్టి, వైరు వదులై, బండి కుదుపుల్లో ఆగిపోతూ, మళ్లీ నడుస్తూ ఉంటుంది. చాలామంది ఇది బ్యాటరీ పోయిన లక్షణమనుకుంటారు. కరెంటు ఆపి, వైరు విప్పి, పొడి గుడ్డతో తుడిచి, బిగించి, పైన వ్యాజిలిన్ పూస్తే సరిపోతుంది. వర్షంలో కంట్రోలరు తడవకుండా కవరు కప్పాలి, పైపుతో నీళ్లు కొట్టి కడగకూడదు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆగాలి. మునిగిన బండిని ఆరబెట్టి, విప్పి చూసేదాకా స్విచ్ వెయ్యకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో కరెంటు రోజుల తరబడి రాలేదు. తుపాను హెచ్చరిక వినగానే బ్యాటరీ నింపి, బండిని ఎత్తైన చోట పెట్టి, చార్జరును పొడి సంచిలో భద్రం చేసుకోవాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే, దాని సామర్థ్యం చాలితే చార్జరు దాని మీద కూడా నడుస్తుంది.

మోటారు 30 నిమిషాల సామర్థ్యం 0.25 కిలోవాట్ల కన్నా తక్కువ, వేగం గంటకు 25 కిలోమీటర్ల కన్నా తక్కువ, బ్యాటరీలు కాక బరువు 60 కిలోలు మించని బ్యాటరీ వాహనాన్ని కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. ముందు తెల్లది, వెనక ఎర్రది రిఫ్లెక్టర్లు మాత్రం ఉండాలి. బరువు, శక్తి అంతకు మించిన బండికి కాగితాలు కావాలో లేదో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా పరుగెత్తే జాతీయ రహదారి 16 మీద ఇంత తక్కువ వేగం ప్రాణాంతకం. సర్వీసు రోడ్డే వాడాలి. పంట రోజుల్లో ధాన్యం, మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోసినప్పుడు గింజల మీద చక్రం జారుతుంది. చీకట్లో నడపాల్సి వస్తే వీపు వైపు మెరిసే టేపు, వెనక చిన్న లైటు ఉండాలి.

టైరులో గాలి తగ్గితే బ్యాటరీ త్వరగా దిగుతుంది కాబట్టి వారానికోసారి గాలి చూడాలి. స్పోకులు, ఇరుసు నట్లు, బేరింగుల గ్రీజు సైకిల్ షాపు పనే. పోయిన సీసపు బ్యాటరీని చెరువు గట్టునో చెత్త కుప్పలోనో పడేయకూడదు. ఇంట్లో పగలగొట్టి సీసం తీయడం పిల్లల మెదడుకు హాని. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కు సేకరించే బాధ్యత తయారీదారులది. పాతదాన్ని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి, ధరలో తగ్గింపు అడగవచ్చు.